పగ్ కంటికి పుండు పడింది, హన్మకొండ నుంచి ఎక్కడికి తీసుకెళ్లాలి?

నయీంనగర్ టైలర్:
అందరికీ నమస్కారం. మాది హన్మకొండ. ఇంటి ముందు గదిలోనే బ్లౌజులు కుడతాను. మా ఆయన భూపాలపల్లి గనిలో చేస్తాడు, వారానికి ఒక్క రోజు ఇంట్లో ఉంటాడు. మా పగ్ పేరు బూరె, ఐదేళ్ల మగ కుక్క. నేను పని చేసినంత సేపు మిషన్ పెడల్ పక్కనే పడుకుంటాడు.

పది రోజుల కింద కుడికన్ను సగం మూసుకుని తిరగడం మొదలుపెట్టాడు. పొద్దున లేచేసరికి పచ్చటి పుసి జిగురులా కట్టి ఉండేది. వాడికి పుసి ఎప్పుడూ ఉండేదే, తడిగుడ్డతో తుడిచేస్తాను, అందుకే పట్టించుకోలేదు. ఫ్రిజ్‌లో మా మామయ్య శుక్లాల ఆపరేషన్ అప్పటి చుక్కల మందు మిగిలి ఉంది. అదీ కంటి మందే కదా అని నాలుగు రోజులు వేశాను. రెండు రోజులకే ఎరుపు తగ్గింది, మంచిగైతున్నదనే అనుకున్నాను. ఐదో రోజు పొద్దున చూస్తే నల్లగుడ్డు నడుమ, మేము బట్ట మీద గీత పెట్టే చాక్ పొడి అద్దినట్టు, తెల్లగా నీలంగా మచ్చ. కన్ను అసలు తెరవడం లేదు. చెయ్యి దగ్గరికి పోతే ముఖం నేలకేసి రుద్దుతున్నాడు.

దగ్గర్లో ఉన్న పశువుల డాక్టర్ దగ్గరికి ఉరికాను. నారింజ రంగు కాగితం ముక్క తడిపి కంటికి తాకించి, నీలి లైటు వేసి నాకే చూపించారు. నల్లగుడ్డు మీద టిచ్ బటన్ అంత మేర పచ్చగా వెలిగింది. అదంతా పుండేనట. మా మామయ్య మందు సీసా చూసి, ఇందులో స్టెరాయిడ్ ఉంది, ఇంకొక్క చుక్క కూడా వేయొద్దన్నారు. రెండు గంటలకోసారి వేయమని యాంటీబయాటిక్ చుక్కలు రాశారు, కన్ను గీక్కోకుండా మెడకు గరాటులాంటి కోన్ కట్టారు. పుండు లోతుగా ఉంది, కంటి ఆపరేషన్లు చేసే వాళ్లకి చూపించండి, ఆలస్యం చేయొద్దని చెప్పి పంపారు.

ఎక్కడికి పోవాలో తోచడం లేదు. మామునూరు పశువైద్య కాలేజీకా, రాజేంద్రనగర్‌కా, హైదరాబాద్‌లో ప్రైవేటుకా? రైల్లో రానిస్తారా? ఆ కన్నుకు గుడ్డ కట్టాలా? రెండు రాత్రుల నుంచి అలారం పెట్టుకుని చుక్కలు వేస్తున్నాను. నా చేతులతో నేనే వాడి కన్ను పాడు చేశానేమో అని గుండెలో బుగులు పోవట్లేదు. తెలిసినవాళ్లు కొంచెం చెప్పండి.

పరకాల నుంచి:
అక్కా, గుడ్డ కట్టకండి. గాలి ఆడదు, గుడ్డ పుండుకు రాసుకుంటుంది కూడా. కోన్ మాత్రం తిండి పెట్టేటప్పుడు కూడా తీయొద్దు. మా పగ్‌కి రెండేళ్ల కింద ఎడమ కంట్లో ఇట్లాగే అయింది. అన్నం తిననీ అని రెండు నిమిషాలు కోన్ తీశాం. కాలి గోరుతో ఒక్క గీకు గీకింది, ఉన్న పుండు రెట్టింపైంది.

మెడ పట్టీ తీసేసి ఛాతీకి కట్టే బెల్టు వాడండి. ఈ జాతికి కంటి గుంటలు లోతుండవు కాబట్టి మెడ దగ్గర గట్టిగా లాగితే కనుగుడ్డు బయటికి వచ్చే ప్రమాదం ఉంది. ఇంకొకటి, పుసి ఎప్పుడూ ఉంటుందని రాశారు కదా, అక్కడే నాకు అనుమానం. వెళ్లిన చోట కన్నీళ్లు ఎంత ఊరుతున్నాయో కొలవమని అడగండి. మా దానికి ఆ పరీక్ష చేసేదాకా మూడుసార్లు పుండు మాని మళ్లీ పడింది.

రిటైర్డ్ పశువైద్యుడు, కరీంనగర్:
అమ్మా, ముందు మీ ప్రశ్నకు. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, ప్రైవేటు క్లినిక్‌లూ ఉన్నాయి. మామునూరు కళాశాల మీకు ఊరికి ఆనుకునే ఉంది కాబట్టి మొదటి ఫోన్ అక్కడికే చేయండి. కంటి వైద్యంలోనే ప్రత్యేక శిక్షణ ఉన్న పశువైద్యులు మన దగ్గర చాలా తక్కువ. ఎక్కువ చోట్ల సర్జరీ విభాగం వాళ్లే కళ్లు చూస్తారు. అందుకని ఎక్కడికి ఫోన్ చేసినా కుక్కల డాక్టర్ ఉన్నారా అని అడిగి ఊరుకోకండి. కంటికి వాడే ఆపరేటింగ్ మైక్రోస్కోప్ ఉందా, కంజంక్టైవల్ ఫ్లాప్ (తెల్లగుడ్డు మీది పొరను పుండు మీదికి తెచ్చి కుట్టడం) చేస్తారా, అది చేసే డాక్టర్ ఈ రోజు ఉన్నారా, ఈ మూడూ అడగండి. మూడింటికీ అవునన్న చోటికి వెళ్లండి. అది ప్రభుత్వ ఆసుపత్రా, ప్రైవేటా అన్నది తర్వాతి మాట.

కుక్క కార్నియా, అంటే నల్లగుడ్డు మీద ఉండే పారదర్శక పొర, మందం అర మిల్లీమీటరుకు కొంచెం అటూ ఇటూ, అంతే. పైపొర మాత్రమే గీసుకుపోతే సాధారణంగా వారంలోపే దానంతటదే పూడుతుంది. స్టెరాయిడ్ పడితే ఆ పూడిక ఆగుతుంది, కార్నియాను కరిగించే ఎంజైములు విజృంభిస్తాయి. ఎరుపు తగ్గేది కూడా స్టెరాయిడ్ వల్లే, అందుకే ఇంట్లో వాళ్లు మోసపోతారు. నా సర్వీసులో ఇలా మిగిలిన సీసాలు తెచ్చి చూపించిన వాళ్లు చాలామంది. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ సీసా మాత్రం వెంట తీసుకెళ్లి, ఎన్ని రోజులు వేశారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

రంగు వేసినప్పుడు చుట్టూ పచ్చగా మెరిసి, నడుమ మాత్రం రంగు అంటకుండా నల్లగా కనిపిస్తే పుండు ఆఖరి పొర దాకా దిగినట్టు. కార్నియా జెల్లీలా మెత్తబడినా, ఉన్నట్టుండి కంటి నుంచి నీళ్లు కారి మచ్చ మధ్యలో గోధుమరంగు గింజలాంటిది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. కన్ను మీద వేలు పెట్టి నొక్కకండి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. నొప్పి చూడలేక ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ బిళ్లలు పెట్టకండి, అవి కుక్కలకు ప్రాణం మీదికి తెస్తాయి.

ఒంటి మీద పిడుదులు పట్టిన కుక్క అయితే మత్తు ఇచ్చే ముందు రక్తపరీక్ష తప్పనిసరిగా చేయించండి. పిడుదుల జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. ఆ జ్వరం కంటి లోపల కూడా వాపు తెస్తుంది.

జనగామ:
మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో దూడలకి కంట్లో పువ్వేస్తే తేనె చుక్క వేసేవారు. వేసి చూడరాదూ?

రిటైర్డ్ పశువైద్యుడు, కరీంనగర్:
వద్దు. ఈ కన్ను పొర తెగే దశలో ఉంది. డాక్టర్ రాసిన చుక్క తప్ప తేనె, చనుబాలు, ఉప్పునీళ్లు ఏదీ వేయకూడదు.

కాజీపేట రైల్వే క్వార్టర్స్:
రైలు సంగతి నేను చెప్తాను, నాది ఆ పనే. స్లీపర్, సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, చైర్ కార్‌లలో కుక్కను రానివ్వరు. ఫస్ట్ ఏసీలో కూపే గానీ క్యాబిన్ గానీ మొత్తం మీకే ఉంటే వెంట తీసుకెళ్లొచ్చు. లేదంటే పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి గార్డు బ్రేక్ వ్యాన్‌లోని పెట్టెలో పెట్టాలి. మూతి చప్పిడి కుక్క, కంటి నిండా పుండు, ఆ ఉక్కలో చీకటి పెట్టెలో ఒంటరిగా వద్దు చెల్లీ. రెండు గంటలకోసారి చుక్క ఎవరు వేస్తారు? కారే మాట్లాడుకోండి. ఏసీ గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూడండి, కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి. రాజేంద్రనగర్ వైపైతే ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కండి, ఉప్పల్ ట్రాఫిక్ తప్పుతుంది.

నయీంనగర్ టైలర్:
వారం తర్వాత రాస్తున్నాను, ఏమనుకోకండి. పెద్దసారు చెప్పిన మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వరసగా ఫోన్లు చేశాను. హైదరాబాద్‌లో ఒకచోట మూడింటికీ అవునన్నారు. రాత్రి పది నుంచి తిండి పెట్టొద్దన్నారు. మా ఆయన సెలవు పెట్టి వచ్చాడు, తెల్లవారుజామున నాలుగింటికి కారులో బయలుదేరాం. ఒళ్లో పడుకోబెట్టుకుని ఆలేరు దగ్గర ఒకసారి, ఘట్‌కేసర్ దగ్గర ఒకసారి చుక్కలు వేశాను.

అక్కడి డాక్టరమ్మ ముందు నా మాట మొత్తం విన్నది. తర్వాత మా టేపు మీద ఉన్నట్టే గీతలున్న సన్నటి కాగితం పట్టీ తీసి, ముందు మంచి కన్ను కింది రెప్పలో కొస పెట్టి గడియారం చూస్తూ నిమిషం ఆగింది. పదిహేను మిల్లీమీటర్లు, ఆ పైన తడవాలట. ఎనిమిది దగ్గర ఆగిపోయింది. పుండు ఉన్న కంట్లో మూడు. పరకాల తమ్ముడూ, నీ అనుమానమే నిజమైంది. బూరెకి కన్నీళ్లే సరిగా ఊరడం లేదు. ఇన్నేళ్లూ నేను రోజూ పొద్దున తుడుస్తున్న పుసి అదేనట. కన్నీళ్లు తక్కువైతే జిగురు ఒక్కటే మిగిలి అట్లా గడ్డ కడుతుందని చెప్పింది. ఆ మాట వింటుంటే నాకు ఏడుపు ఆగలేదు.

అదే రోజు ఆపరేషన్ చేశారు. ఎట్లా చేస్తారో బొమ్మ గీసి చూపించింది, నాకు వెంటనే అర్థమైంది. తెల్లగుడ్డు మీద ఉండే సన్నటి పొరలోంచి పట్టీ కోస్తారు, ఒక కొస మాత్రం తెంపరు, దాన్ని తిప్పి పుండు మీదికి తెచ్చి చుట్టూ కుడతారు. ఆ తెంపని కొస నుంచే రక్తం అంది పుండు పూడుతుందట. కుట్టేది 8-0 దారం. మా దారాల్లో లాగే నంబర్ పెరిగేకొద్దీ సన్నం. వెంట్రుక కన్నా సన్నగా ఉంటుందట. మైక్రోస్కోప్ లేకుండా ఎందుకు కుదరదో అప్పుడు తెలిసింది. ఇరవై ఏళ్లుగా సూది పట్టుకున్నదాన్ని, ఆ చేతులకి మనసులో దండం పెట్టుకున్నాను.

ఇప్పుడు నల్లగుడ్డు మీద గులాబీరంగు కండలాంటి మచ్చ ఉంది. చూడ్డానికి భయంగానే ఉంటుంది, కానీ అది బతికి ఉన్న గుర్తని చెప్పారు. మచ్చ పూర్తిగా పోదు. పక్కనుంచి చూపు ఉంటుందన్నారు. నిన్న బంతి దొర్లిస్తే కుడివైపు నుంచే పోయి పట్టుకున్నాడు. వాడి రక్తంలోంచే తీసిన సీరం చుక్కలు కొన్నాళ్లు వేయమన్నారు, అవి ఫ్రిజ్‌లో పై అరలో వేరే డబ్బాలో పెట్టాను. మామయ్య సీసా పారేశాను. రెండు కళ్లకూ 0.2 శాతం సైక్లోస్పోరిన్ ఆయింట్‌మెంట్ పూటకోసారి, రోజుకు రెండుసార్లు, జీవితాంతం. కన్నీళ్లు పెరగడానికి కొన్ని వారాలు పడుతుందట, ఓపిక పట్టమన్నారు.

పరకాల నుంచి:
అక్కా, ఆ ఆయింట్‌మెంట్ మధ్యలో ఎప్పుడూ ఆపకండి. కన్ను తేటగా ఉంది కదా అని మేము నెల రోజులు మానేస్తే మళ్లీ మొదటికొచ్చింది. ట్యూబు సగం అయినప్పుడే ఇంకొకటి తెప్పించుకోండి, చాలా షాపుల్లో అప్పటికప్పుడు దొరకదు.

నయీంనగర్ టైలర్:
సరే తమ్ముడూ, ఇవాళే రెండు ట్యూబులకు చెప్పి పెడతాను. వచ్చే ఆదివారం మళ్లీ చూపించడానికి హైదరాబాద్ పోతున్నాం, కారులో వెనక ఇద్దరికి చోటు ఉంది. కాజీపేట, జనగామ వైపు ఎవరి కుక్కకైనా కళ్లు చూపించాల్సి ఉంటే చెప్పండి, కలిసి పోదాం.