కొత్త కారుకు ఇంట్లోనే ఇంజిన్ ఆయిల్ మార్చడం: ఎప్పుడు, ఎంత, బోల్టు ఎంత బిగించాలి?

ప్రశ్న

పెట్రోల్ టర్బో కారు, 4,800 కిలోమీటర్లు తిరిగింది. మొదటి ఆయిల్ 10,000 కిలోమీటర్లకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందైతే అప్పుడు మార్చమని మాన్యువల్‌లో ఉంది. ఆయిల్ గ్రేడు (చిక్కదనం) 0డబ్ల్యూ-20, ఫిల్టర్‌తో కలిపి 3.6 లీటర్లు. కొత్త ఇంజిన్‌లో లోహపు రజను ఉంటుంది, 5,000కే మార్చేయమని కొందరంటున్నారు. అవసరమా? జాకీ, రింగు పానాలు ఉన్నాయి, టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) లేదు. పాత ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు చేత్తో అంచనాగా బిగిస్తే సరిపోతుందా?

జవాబు 1

రజను రాలడం నిజమే. పిస్టన్ రింగులు, బేరింగులు ఒరుసుకుని కుదురుకునే రోజులివి. అయితే దాన్ని పట్టడానికే ఫిల్టర్ ఉంది, కంపెనీ పెట్టిన గడువులో ఈ లెక్క కూడా ఉంటుంది. మొదటి ఆయిల్‌ను ముందే తీయొద్దని కొన్ని కంపెనీలు స్పష్టంగా చెప్తాయి, మీ మాన్యువల్‌లో ఆ మాట ఉందేమో చూడండి. ఆయిల్ నల్లబడిందని మార్చక్కర్లేదు, మసిని తనలో పట్టి ఉంచడం దాని పనే.

గడువు తగ్గించాల్సిన సందర్భం వేరే ఉంది. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిప్పి ఆపేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. కాలని పెట్రోలు, నీటి ఆవిరి ఆయిల్‌లో చేరి అది పలచబడుతుంది. మాన్యువల్‌లో 'కఠిన వాడకం' అని వేరే పట్టిక ఉంటే మీకు వర్తించేది అదే.

గ్రేడు ఒక్కటే చూసి కొనకండి. డబ్బా వెనక ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్‌పీ వంటి నాణ్యతా ప్రమాణం మాన్యువల్‌తో సరిపోవాలి. పెట్రోలును నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే (డైరెక్ట్ ఇంజెక్షన్) టర్బోల్లో ఇంజిన్ తక్కువ వేగంతో తిరిగేటప్పుడు పెట్రోలు వేళకు ముందే అంటుకునే సమస్య ఉంది, ఎస్‌పీ ఆయిల్‌కు ఆ విషయంలో పరీక్ష ఉంటుంది. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తిరిగే ఇంజిన్ అయితే మరీ జాగ్రత్త. సరిపడని ఆయిల్‌కు బెల్టు పొరలు ఊడి, ఆ ముక్కలు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడతాయి.

జవాబు 2

టార్క్ రెంచ్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు, అడిగి తెచ్చుకోండి. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్లు ఇప్పుడు చాలావరకు అల్యూమినియంవి. చాలా కార్లకు డ్రెయిన్ బోల్టు టార్క్ (బిగింపు బలం) 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది, మీ కారు అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూడండి. పొడుగు పానాతో 'ఇంకొంచెం' అంటూ లాగితే మరలు చెడిపోతాయి, మొత్తం చాంబరే మార్చాల్సి రావచ్చు. బోల్టును ముందు వేళ్లతోనే నాలుగైదు చుట్లు తిప్పండి. ఆ కాస్తా సాఫీగా తిరగలేదంటే అడ్డంగా పడుతోందన్నమాట, వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. నలిగి మూసుకునే రకం వాషర్ ప్రతిసారీ కొత్తది వేయాలి.

ఇక అసలు ప్రమాదం: ఇంజిన్ బోల్టు అనుకుని గేర్‌బాక్స్ బోల్టు విప్పడం. రెండూ కిందే, పక్కపక్కనే ఉంటాయి. ఎర్రగా, పచ్చగా ద్రవం వస్తే వెంటనే మూసేయండి, గేర్‌బాక్స్ ఆయిల్ నింపేదాకా కారు కదపకూడదు. విప్పేముందే మాన్యువల్ బొమ్మతో పోల్చుకోండి.

క్రమం ఇది. ఇంజిన్ ఐదు నిమిషాలు నడిపి ఆపండి. గోరువెచ్చగా ఉంటే చాలు, మరిగే ఆయిల్ చెయ్యి కాలుస్తుంది. గట్టి, చదునైన నేల మీద హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, జాకీతో లేపి, స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కటే ఉన్న కారు కిందికి దూరొద్దు, దీనికి మినహాయింపు లేదు. పైన ఆయిల్ మూత తీసి ఉంచితే ధార సాఫీగా వస్తుంది. పదిహేను నిమిషాలు కారనివ్వండి.

ఫిల్టర్ ప్రతిసారీ మార్చాల్సిందే. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోతుంది ఒక్కోసారి. దాని మీదే కొత్తది బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఒత్తిడికి ఆయిల్ చిమ్మి నిమిషాల్లో ఇంజిన్ ఖాళీ అవుతుంది. ఆ చోటు తుడిచి, వేలితో తడిమి చూడండి. కొత్త రింగుకు ఆయిల్ రాసి, ఆనిన తరువాత చేత్తో ముప్పావు చుట్టు (ఫిల్టర్ మీద వేరే రాసి ఉంటే అదే). ప్లాస్టిక్ మూతలో కాగితం ఫిల్టర్ ఉండే రకమైతే కొత్త ఓ-రింగు సరైన గాడిలోనే కూర్చోవాలి. బిగింపు అంకె చాలాసార్లు మూత మీదే ఉంటుంది.

మళ్లీ ప్రశ్న

3.6 లీటర్లూ ఒకేసారి పోసేయొచ్చా? కాస్త ఎక్కువైతే ఏమవుతుంది?

జవాబు 3

పోయొద్దు. పాత ఆయిల్ కొంత లోపలే మిగులుతుంది, కారు ముందు వైపు లేచి ఉంటే ఇంకా ఎక్కువ మిగలొచ్చు. 3.2 లీటర్లు పోసి మూత పెట్టి, ఇంజిన్ ఒక నిమిషం నడపండి. ఆయిల్ ప్రెషర్ దీపం కొన్ని సెకన్లలో ఆరాలి, ఆరకపోతే వెంటనే ఆపేయండి. బోల్టు, ఫిల్టర్ దగ్గర తడి ఉందేమో టార్చి వేసి చూడండి. తరువాత కారును నేల మీదికి దించి, ఐదు నిమిషాలు ఆగి గేజ్ కడ్డీ తుడిచి చూడండి. పై గీత దగ్గరకొచ్చేదాకా కొద్దికొద్దిగా కలపండి.

పై గీత బాగా దాటితే క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) ఆయిల్‌ను చిలికి నురగ చేస్తుంది. నురగలో గాలి ఉంటుంది కాబట్టి బేరింగులకు ఒత్తిడి అందదు. ఎక్కువైనది తీసేయాల్సిందే, పైనుంచి గేజ్ గొట్టంలోకి సన్నటి పైపు దింపి సిరంజితో లాగొచ్చు.

జవాబు 4

ఒక్క చేర్పు. ఇంట్లో చేస్తే వారంటీకి ఏం అడుగుతారో పుస్తకంలో ముందే చదవండి. అనుమతి ఉంటే ఆయిల్, ఫిల్టర్ బిల్లులు, తేదీ, కిలోమీటర్ల అంకె ఫొటోతో సహా దాచండి. డ్యాష్‌బోర్డులో సర్వీస్ గుర్తు రీసెట్ చేయడం మరవకండి. పాత ఆయిల్‌లో కూలెంటు, పెట్రోలు కలిస్తే రీసైక్లింగుకు తీసుకోరు, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పోసి విడిగా ఇవ్వండి. ఫిల్టర్‌ను బోర్లించి రాత్రంతా కారనివ్వండి, అందులోనూ చాలా మిగులుతుంది. మర్నాడు కారు కింద అట్ట పరిచి చుక్క పడిందేమో చూసి, గేజ్ కడ్డీ ఇంకోసారి తీసి చూడండి.