అప్‌డేట్: కుండకు అంటుకుపోతున్న పూతరేకుల సమస్య తీరింది

ఇంట్లో పూతరేకులు తీయబోతే రేకు కుండకు అంటుకుని ముక్కలుగా వస్తోందని, ఊడివచ్చిన ఒకటీ అరా కూడా మడతపెట్టేటప్పుడు విరిగిపోతున్నాయని లోగడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

లోపం కుండలోనే ఉందన్నవారి మాటే నిజమైంది. 2023లో పూతరేకులకు భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురంలో ఏళ్ల తరబడి రేకులు తీస్తున్న ఒక పెద్దావిడ, మా కుండను వేలితో తడిమి చూసి, అది ఇంకా నూనె పీల్చలేదని తేల్చారు. ఆవిడ చెప్పినట్టే బోర్లించిన కుండకు నూనె రాసి, కింద ఎండు కొబ్బరాకుల మంట పెట్టి, ఇంకినకొద్దీ మళ్లీ రాస్తూ నల్లగా నునుపుదేలేదాకా కాచాక, పిండినీళ్లలో ముంచిన పల్చటి గుడ్డను కుండమీద ఇలా పరిచి అలా లాగగానే రేకు అంచులు వాటంతటవే పైకి లేచాయి. గ్యాస్ పొయ్యి మీద వేడి నడిమధ్యనే తగిలేది కనుక ఆకుల మంటకు మారడమూ కలిసివచ్చింది.

విరగకుండా ఉండాలంటే తడిపి గట్టిగా పిండిన గుడ్డను రేకుమీద ఒక్కసారి అద్ది, మెత్తబడిన వెంటనే నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడిచేయాలి. తడి కాస్త ఎక్కువైతే మాత్రం రేకు ముద్దయిపోతుంది.

బియ్యం మార్చమన్న సలహా అవసరపడలేదు. మొదటినుంచీ వాడింది అక్కడివారు వాడే జయ రకమే. మొక్కజొన్న పిండి కలపడం వల్ల నాకు ప్రయోజనమేమీ కనబడలేదు. నాన్‌స్టిక్ గిన్నె బోర్లించి చూస్తే దానికి పూతే సరిగా పట్టలేదు.