శ్రీసిటీలో మూడు షిఫ్టుల ఉద్యోగం, ఫిబ్రవరిలో గేట్: నవంబర్‌లో మానేయాలా?

కొర్లగుంట కుర్రోడు

అన్నలకు, అక్కలకు నమస్కారం. నాది తిరుపతి. బీటెక్ మెకానికల్ అయి మూడేళ్లయింది, అప్పటినుంచి శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీలో చేస్తున్నా. వారానికో షిఫ్టు మారుతుంది: ఒక వారం ఉదయం 6 నుంచి 2, తర్వాత 2 నుంచి రాత్రి 10, ఆ తర్వాత నైట్. ఫస్ట్ షిఫ్టుకు కంపెనీ బస్సు తెల్లవారుజామున 4 గంటలకే వచ్చేస్తుంది, పోనూ రానూ బస్సులోనే మూడున్నర గంటలు. ఎంటెక్ సీటు కోసం ఫిబ్రవరిలో గేట్ పరీక్ష రాద్దామని జూన్‌లో చదవడం మొదలుపెట్టా. మూడు నెలల్లో అయింది మ్యాథ్స్‌లో సగం, స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ ఒకటి, అంతే.

రోజుకు నాలుగు గంటలు చదవాలని టైంటేబుల్ రాసి గోడకు అతికించా. ఫస్ట్ షిఫ్టు వారం ఎలాగో లాక్కొస్తా కానీ నైట్ వచ్చిందంటే అంతా పోతుంది. మొన్న నైట్ చేసి వచ్చి, టిఫిన్ తిని, పది గంటలకు మోర్స్ సర్కిల్ లెక్క ముందేసుకుని కూర్చున్నా. కళ్లు తెరిచేసరికి ఒంటిగంట. సర్కిల్ సగం దగ్గర ఆగిపోయి పెన్ను అక్కడినుంచి పేజీ చివరిదాకా వంకరగా గీత గీసుకుంటూ పోయింది. నిద్రలో ఉండగా అమ్మ వచ్చి ఫ్యాన్ వేసి పోయినట్టుంది. ఆ గీత చూస్తే ఏడుపొచ్చింది.

దీనికి తోడు తిరుపతిలో ఇల్లంటే తెలిసిందే కదా, శని ఆదివారాలు వస్తే దర్శనానికి వచ్చే చుట్టాలు. ఉన్నవి రెండు గదులు. వాళ్లు రావద్దని ఎలా అంటాం.

చేతికి 21 వేలు వస్తుంది. నాయన ఆటో నడుపుతారు, చెల్లి డిగ్రీ రెండో సంవత్సరం. నవంబర్‌లో మానేసి మూడు నెలలు గట్టిగా కూర్చుంటే సీటు వస్తుందని ఫ్రెండ్స్ అంటున్నారు. రోజూ బస్సు ఏర్పేడు దాటేటప్పుడు ఐఐటీ వైపు పోయే దారి కనిపిస్తుంది, నిద్రలో ఉన్నా అక్కడ మెలకువ వస్తుంది నాకు. ఏం చేయమంటారు?

రేణిగుంట లోకో

తమ్ముడూ, ముందు ఆ టైంటేబుల్ చించేయ్. రోజుకు ఇన్ని గంటలు అనేది షిఫ్టుల వాళ్లకు పనికిరాదు, మనకు లెక్క మూడు వారాలకొకసారి.

నేనూ నీలాగే షిఫ్టులు చేస్తూ రాసినవాణ్ణే. మొదటిసారి డిసెంబర్‌లో ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నా. టైమ్ దొరికింది కానీ చదువు సాగలేదు. నెల తిరిగేసరికి పాలవాడికి ఇవ్వాల్సిన డబ్బులు అమ్మ పక్కింట్లో అడిగి తెచ్చిందని తెలిసింది, ఆ తర్వాత పుస్తకం తెరిస్తే అదే గుర్తొచ్చేది. ఆ ఏడాది స్కోరు సరిపోలేదు. మళ్లీ ఇంకో చోట చేరి, ఉద్యోగం చేస్తూనే రాస్తే సీటొచ్చింది.

రెండోసారి నేను చేసింది ఏంటంటే, కొత్త సబ్జెక్టు ఏదైనా ఫస్ట్ షిఫ్టు వారంలోనే మొదలుపెట్టేవాణ్ణి, ఇంటికొచ్చి గంటన్నర పడుకుని సాయంత్రం 6 నుంచి 9 దాకా. సెకండ్ షిఫ్టు వారం ఉదయం 8 నుంచి 11 దాకా పాత ప్రశ్నపత్రాలు, ఆ టైమ్‌లో బుర్ర బాగా పనిచేస్తుంది. నైట్ వారంలో కొత్తది ముట్టుకోలేదు. నిద్రపోయి, లేచాక ఒక్క గంట ఫార్ములాలు తిరగేసి బస్సెక్కడమే. నైట్ చేసొచ్చి మోర్స్ సర్కిల్ ముందు కూర్చోవడం నీ తప్పు కాదు కానీ అది చదువు కాదు తమ్ముడూ, నిద్రను పోగొట్టుకోవడం.

మార్కుల సంగతి చూడు. 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో జనరల్ ఆప్టిట్యూడ్ 15, మ్యాథ్స్ 13. ఈ 28 మార్కులు కూర్చుని చదవడానికి టైమ్ లేనివాళ్లు వదులుకోకూడనివి, ఆప్టిట్యూడ్ అయితే బస్సులోనే అయిపోతుంది. షాప్‌ఫ్లోర్‌లోకి ఫోన్ రానివ్వరు కదా, నేను చిన్న కాగితాల మీద ఫార్ములాలు రాసి యూనిఫాం జేబులో పెట్టుకునేవాణ్ణి, టీ బ్రేక్‌లో ఒకటి తీసేవాణ్ణి, చెమటకు తడిసి అక్షరాలు పోతే మళ్లీ రాసేవాణ్ణి, అలా రాయడంలోనే సగం గుర్తుండిపోయాయి.

ఇంకోటి, నువ్వు క్వాలిటీలో ఉన్నావు. లిమిట్స్, ఫిట్స్, టాలరెన్స్‌లు, కంపారేటర్లు, అంటే నువ్వు రోజూ చూసే కొలతల సంగతులే, మెకానికల్ సిలబస్‌లోనే ఉన్నాయి. రోజూ గేజ్ చేత్తో పట్టుకునేవాడివి, ఆ ప్రశ్నలు ఒక్కటి కూడా వదలకూడదు.

ఆప్షన్లలో ఒకటి మాత్రమే ఎంచుకునే ప్రశ్నల్లోనే తప్పు జవాబుకు నెగెటివ్ మార్కులు ఉంటాయి, 1 మార్కు ప్రశ్నకు మూడో వంతు, 2 మార్కుల దానికి మూడింట రెండు వంతులు పోతాయి. జవాబు అంకెగా టైప్ చేసేవాటికి నెగెటివ్ లేదు, వాటిని ఖాళీగా వదిలి రావద్దు. మన క్యాలిక్యులేటర్ లోపలికి రానివ్వరు, స్క్రీన్ మీద మౌస్‌తో నొక్కాలి, ఇప్పటినుంచే దాని మీద లెక్కలు చేయి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, కాబట్టి ఈ ఫిబ్రవరే ఆఖరు అన్నట్టు టెన్షన్ పడొద్దు.

తిరుచానూరు అక్క

చుట్టాల గురించి నేను చెప్తా. స్కూల్లో టీచర్‌గా చేస్తూ ఐసెట్‌కు చదివా, ఎంసీఏ కోసం. బ్రహ్మోత్సవాలప్పుడు మా ఇంట్లో పదకొండు మంది. నేను వంటింట్లో బియ్యం డబ్బా మీద పుస్తకం పెట్టుకుని చదివా, అటువైపు అందరూ లడ్డూలు పంచుకుంటూ నన్ను పిలుస్తూనే ఉన్నారు. ఇంట్లో కుదరదు తమ్ముడూ. బాలాజీ కాలనీ వైపు రీడింగ్ రూములు ఉన్నాయి, ఒకటి మాట్లాడుకో, ఆదివారం పొద్దున్నే పోయి అక్కడే 3 గంటల మాక్ టెస్ట్ మధ్యలో లేవకుండా రాయి. ముందు అమ్మతో విడిగా మాట్లాడు. ఫోన్ వచ్చినప్పుడు "పిల్లోడికి ఫిబ్రవరిలో పరీక్ష" అని ఆమె చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు, నువ్వు చెప్తేనే మనసులో పెట్టుకుంటారు.

మంగళం రోడ్డు

లోకో అన్న చెప్పిన దాంట్లో ఒక్కదానికి ఒప్పుకోను. షిఫ్టు చేస్తూ చివరిదాకా లాగడం అందరి ఒంటికీ పడదు. నేను పరీక్షకు పది రోజుల ముందు నైట్ చేసి, బస్సు దిగి బైక్ మీద ఇంటికి పోతూ, తెల్లారాక, రోడ్డు ఖాళీగానే ఉండగా డివైడర్‌కు కొట్టా. కాలర్ బోన్ విరిగింది. ఆ ఏడాది పరీక్షే రాయలేదు.

మానేయమని కాదు, సెలవులు లెక్కపెట్టుకో. ఫ్యాక్టరీల్లో ప్రతి 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున జీతంతో సెలవు వస్తుంది. మూడేళ్లుగా చేస్తున్నావంటే ఎంతో కొంత మిగిలే ఉంటుంది. జనవరి నెలాఖరు నుంచి పరీక్ష దాకా ఒకేసారి పెట్టుకో, ఇప్పుడే అడుగు, చివర్లో అడిగితే ఇవ్వరు. సీటొస్తే ఎలాగూ మానేయాలి, నోటీస్ పీరియడ్ ఎంతో ఆఫర్ లెటర్‌లో చూసుకో. ఎంటెక్‌లో స్టైపెండ్ నెలకు 12,400. నీ జీతానికి అది 8,600 తక్కువ, నాయనతో ఆ అంకె చెప్పి ఇప్పుడే మాట్లాడితే మంచిది.

కొర్లగుంట కుర్రోడు

అందరికీ థాంక్స్. అక్కా, అమ్మతో మాట్లాడా. నిన్న పిన్నికి ఆమే ఫోన్ చేసి చెప్పింది. సెలవులు 26 ఉన్నాయట, డిసెంబర్ లోపు రాసి ఇవ్వమన్నారు మా ఇన్‌ఛార్జ్. నాయనకు 12,400 సంగతి చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "రెండేళ్లేగా" అన్నారు. లోకో అన్నా, బస్సులో లిమిట్స్, ఫిట్స్ మీద పాత ప్రశ్నలు ఆరు చేస్తే ఐదు కరెక్ట్, ఆరోది ప్లస్ మైనస్ తారుమారు చేశా. ఇవాళ్టి నుంచి నైట్. పుస్తకం పక్కన పెట్టి పడుకుంటున్నా.