విద్యుత్ క్షేత్రంలో ఉంచిన పింక్1 ఈగలు బాగా పాకుతున్నాయి: దీన్ని చికిత్స అనవచ్చా?

ప్రశ్న: మనుషుల్లో పార్కిన్సన్స్ వ్యాధితో ముడిపడిన పింక్1 జన్యువు లోపించిన పండ్ల ఈగలను రోజూ కొంతసేపు రెండు లోహపు పలకల మధ్య స్థిర విద్యుత్ క్షేత్రంలో ఉంచుతున్నాను. సీసాను తట్టినప్పుడు పైకి పాకే ఈగలు, పక్క గది అలమరలో ఉంచిన వాటికంటే ఎక్కువగా కనిపిస్తున్నాయి. జన్యువ్యాధి తగ్గుతోందని రాయవచ్చా?

సమాధానం: ఇప్పుడే రాయవద్దని నా మనవి. మొదట ఆ అలమర సంగతి చూడండి. వేరే గదిలో వేడి, తేమ, వెలుతురు అన్నీ మారతాయి. అవే పలకల మధ్య, అంతే సేపు, వోల్టేజి మాత్రం ఇవ్వకుండా ఉంచిన ఈగలతోనే పోల్చాలి. ఏ సీసా ఏ జట్టుదో లెక్కించేవారికి తెలియకూడదు.

అసలు చిక్కు మరొకటి ఉంది. ఈగ శరీరం లవణజలంతో నిండిన వాహకం కాబట్టి, బయటి స్థిర క్షేత్రం ఉపరితలం మీది ఆవేశాలను అటూ ఇటూ సర్దుతుందే తప్ప లోపలి కణాల దాకా దాదాపు చేరదు. కానీ రెక్కలను, రోమాలను అది నెట్టగలదు. అలాంటి క్షేత్రంలో పండ్ల ఈగల రెక్కలు కదులుతాయని, అవి ఆ చోటును తప్పించుకుంటాయని ప్రయోగాల్లో ఇదివరకే తేలింది. కనుక మీరు చూసిన చురుకుదనం బెదురు వల్ల వచ్చినది కావచ్చు. పింక్1 ఈగల రెక్కల అమరికే అసహజంగా ఉంటుంది కాబట్టి, మామూలు ఈగలతో పోల్చినా ఈ అనుమానం పూర్తిగా తీరదు.

పాకడం ప్రవర్తన, లోపం ఉన్నది కణాలకు శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలో. ఈ ఈగల్లో ఎగిరే కండరాలు క్షీణిస్తాయి, ఛాతీ పైభాగం లోపలికి నొక్కుకుపోతుంది. బెదురు వీటిని బాగుచేయలేదు కనుక కండరంలోని ఏటీపీని (కణాలు ఇంధనంగా వాడుకునే అణువును), మైటోకాండ్రియా ఆకారాన్ని పరీక్షించండి. పింక్1తో కలిసి మైటోకాండ్రియాను కాపాడే పార్కిన్ అనే ప్రోటీన్‌ను అధికంగా ఉత్పత్తి చేయిస్తే ఈ లోపాలు చాలావరకు సర్దుకుంటాయని 2006లో వెలువడిన పరిశోధనలు చూపాయి. అలాంటి ఈగలను కూడా ప్రయోగంలో చేర్చుకుంటే, నిజమైన మెరుగుదల ఎలా ఉంటుందో తెలిపే కొలబద్ద మీకు దొరుకుతుంది. ఆ పరీక్షల్లోనూ మార్పు కనిపిస్తే అది ఎంతో విలువైన ఫలితం, నిస్సందేహంగా రాయండి.

ప్రశ్న: కృతజ్ఞతలండీ. పలకల మధ్య దూరంతో వోల్టేజిని భాగించి క్షేత్రం విలువ ఇస్తున్నాను. సీసా ప్లాస్టిక్‌ది, అడుగున తడి ఆహారం ఉంది. ఆ లెక్క చాలునా?

సమాధానం: చాలదండీ. తడి ఆహారం వాహకమై క్షేత్రాన్ని వంచుతుంది, ప్లాస్టిక్ గోడలు ఆవేశాన్ని పట్టి ఉంచుకుంటాయి, కాబట్టి ఈగకు తగిలే క్షేత్రం మీ లెక్కకు చాలా దూరంగా ఉండవచ్చు. ఆ కొద్దిసేపూ రెండు జట్లనూ ఆహారం లేని పొడి సీసాల్లోకి మార్చి, క్షేత్రాన్ని ఈగలు ఉండే చోటనే కొలిచి, ఆ విలువతో పాటు సీసా కొలతలను, గాలిలోని తేమను కూడా నమోదు చేయండి.