ఇంటావిడ డైరెక్టరైతే బోర్డులో ఆడవాళ్లు ఉన్నట్టేనా?

భీమవరం_ఆక్వా: కంపెనీ బోర్డుల్లో ఆడవాళ్లకు కోటా ఉండాలా అని మొన్న పెళ్లి భోజనాల దగ్గర మొదలైన వాదన ఇది, ఇంకా తెగలేదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రతి లిస్టెడ్ కంపెనీ (షేర్లు స్టాక్ మార్కెట్లో ఉన్నది) బోర్డులో కనీసం ఒక మహిళ ఉండాలి. లిస్టు కాని పబ్లిక్ కంపెనీకైతే చెల్లించిన మూలధనం 100 కోట్లో, టర్నోవరు 300 కోట్లో ఉంటేనే ఈ రూలు. మన రైసు మిల్లులు, రొయ్యల ప్లాంట్లు చాలావరకు ప్రైవేట్ లిమిటెడ్‌లు, భాగస్వామ్యాలు. వాటికి ఇది తగలదు. తగలకపోవడమే మంచిదంటాను. సత్తా ఉన్నవాళ్లు ఎలాగూ వస్తారు, కోటా పెడితే డమ్మీలొస్తారు. 2015లో గడువు ముంచుకొచ్చేసరికి ఎన్నో లిస్టెడ్ కంపెనీలు ప్రమోటర్ల, అంటే కంపెనీ పెట్టి నడిపే ఓనర్ల, భార్యల్నీ కూతుళ్లనీ కూర్చోబెట్టలేదా?

తణుకు_ఆడిటాఫీసు: కోటా లేని మన ప్రైవేట్ కంపెనీల్లో ఇప్పుడున్నది ఎవరండీ? ఇద్దరు డైరెక్టర్లు ఉండి తీరాలి కాబట్టి భర్త, భార్య. ఆవిడ డిజిటల్ సంతకం ఉన్న పెన్‌డ్రైవ్ ఆడిటర్ గారి డ్రాయర్లో ఉంటుంది. మినిట్స్ బుక్కు చూస్తే అన్ని మీటింగులకూ వచ్చినట్టే. బ్యాంకు లోనుకు గ్యారంటీ సంతకానికి మాత్రం స్వయంగా తీసుకెళ్తారు. ఆవిడ సంతకం పెట్టిన చెక్కు బౌన్సైతే నోటీసు ఆవిడకీ వస్తుంది. ఆ రోజు ఆఫీసుకొచ్చి ఏడ్చినవాళ్లను చూశాను. కంపెనీకి ఎంత అప్పుందో అప్పటిదాకా ఎవరూ చెప్పి ఉండరు.

అమలాపురం_మాస్టారు: ఇదే మాట పంచాయతీ రిజర్వేషన్లప్పుడూ విన్నాం. మా పక్కూళ్లో మొదటి మహిళా సర్పంచి గారి పనంతా భర్తే చేశాడు. తర్వాత గెలిచినావిడ కాంట్రాక్టరు బిల్లు ఆపేసి, రోడ్డు కొలిపించాకే ఇచ్చింది. రిజర్వేషన్ లేకపోతే ఆ రెండో ఆవిడ పోటీలోకే రాదు.

భీమవరం_ఆక్వా: మాస్టారూ, పంచాయతీ డబ్బు జనానిది, కంపెనీ డబ్బు మాది. చెరువులో రొయ్యలకు వైట్‌స్పాట్ రోగం వస్తే అర్ధరాత్రి గట్టు మీద ఉండేది నేను.

లంకపిల్ల: అదే అర్హతైతే ప్లాంటులో చల్లటి నీళ్లలో నిలబడి రొయ్య తలలు తీసే ఆడవాళ్లందరికీ బోర్డులో సీటివ్వాలి.

కాకినాడ_పోర్టు: సత్తా ఉన్నవాళ్లు వస్తారన్నారుగా? మా ఊళ్లో ఒకప్పటి గోదావరి ఫెర్టిలైజర్స్ ఫ్యాక్టరీ ఇప్పుడు కోరమాండల్‌ది. అది మురుగప్ప గ్రూపు. ఆ కుటుంబంలో వల్లి అరుణాచలం న్యూక్లియర్ ఇంజినీరింగులో పీహెచ్‌డీ. తండ్రి పోయాక గ్రూపు కంపెనీల వాటాలుండే హోల్డింగ్ కంపెనీ అంబాడి ఇన్వెస్ట్‌మెంట్స్‌లో ఆవిడ వైపు వాళ్ల వాటా ఎనిమిది శాతం పైనే. బోర్డులో చోటడిగితే 2020లో వాటాదారుల ఓటింగులో ఓడించారు. 2023లో గానీ కుటుంబంలో రాజీ కుదరలేదు. చదువుంది, వాటా ఉంది, ఇంటిపిల్లే. ఇంకేం సత్తా కావాలంటారు?

భీమవరం_ఆక్వా: అది అన్నదమ్ముల పిల్లల తగాదా అండి. మగాడైనా అంతే జరిగేదేమో.

అమలాపురం_మాస్టారు: "ఏమో" అని మీరే అన్నారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా కేంద్రం 2005లో ఇస్తే, మన దగ్గర ఎన్టీఆర్ హయాంలోనే వచ్చింది. ఇన్నేళ్లయినా, పొలం రాసిచ్చే నాన్నలు కనబడతారు గానీ మిల్లు తాళాలిచ్చే నాన్న ఏ ఊళ్లో ఉన్నాడో చెప్పండి, వెళ్లి దండం పెట్టుకుంటాను.

తణుకు_ఆడిటాఫీసు: డమ్మీల సంగతికి స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ ఒక మందు వేసింది. 2020 ఏప్రిల్ నుంచి మార్కెట్ విలువలో మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీల్లో స్వతంత్ర మహిళా డైరెక్టరే ఉండాలి, ప్రమోటరు బంధువులు ఆ లెక్కలోకి రారు. మన చిన్న కంపెనీలకు అలాంటి కోటా నేనూ అడగను. పేరు ఇప్పటికే ఉంది కదా, ఆ పేరుతో వచ్చే హక్కు వాడుకోమంటాను. కంపెనీల చట్టం 128వ సెక్షన్ కింద ఏ డైరెక్టరైనా పనివేళల్లో కంపెనీ పుస్తకాలు తీయించి చూడొచ్చు. భర్త అనుమతి అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ ఆవిడ బీరువాలో పెట్టుకుంటే సగం పని అయినట్టే.

భీమవరం_ఆక్వా: మా ఆవిడా డైరెక్టరే. పుస్తకాలంటే బ్యాలెన్స్ షీటేగా? మేత బిల్లులు, చేబదుళ్లు కూడానా?

తణుకు_ఆడిటాఫీసు: అన్నీనండి. ఓచర్లతో సహా.

లంకపిల్ల: ఆయ్, వదిన గారి నంబరు ఎవరి దగ్గరైనా ఉందా?