అప్‌డేట్: నాన్నగారి పైదవడ తిత్తికి ఎండోస్కోపీ చేయించాము

నాన్నగారి పైదవడలోని తిత్తిని (సిస్ట్, అంటే ద్రవం నిండిన సంచి) చిగురు కోసి తీయించాలా, ముక్కులోంచి ఎండోస్కోపీతో (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో) చేయించాలా అని రెండు నెలల క్రితం అడిగాను. అమలాపురం నుంచి కాకినాడ వెళ్లి ఎండోస్కోపీయే చేయించాము.

1890ల నాటి కాల్డ్‌వెల్-లూక్ పద్ధతిలో పైపెదవి లోపల చిగురు కోసి, ఎముకకు రంధ్రం చేసి సైనస్‌లోకి (చెంప ఎముక లోపలి గాలి గదిలోకి) వెళ్తారు. చెంపకు స్పర్శనిచ్చే నరం దెబ్బతింటే తిమ్మిరి మిగిలిపోవచ్చు. నాన్నగారి తిత్తి సైనస్‌లోకి పెరిగి ఉన్నందువల్ల, సర్జన్‌గారు ముక్కు గుండా సన్నని గొట్టం పంపి, తిత్తి గోడను వెడల్పుగా తెరిచి, అందులోని ద్రవం ఇకపై సైనస్ ద్వారా ముక్కులోకే దిగిపోయేలా చేశారు. నోట్లో కుట్టు పడలేదు.

సీటీ ఫిల్మును వెలుతురుకు పట్టి, నిమ్మకాయంత నీడను, దానిలోకి దిగిన పంటి వేరును సర్జన్‌గారు వేలితో చూపించారు. ఆ చచ్చిన పన్నే మూలం కనుక దానికి ముందే రూట్ కెనాల్ చేయించాము. దయచేసి ఈ రూట్ కెనాల్‌ను ఎవరూ వాయిదా వేయకండి. బయాప్సీలో (తిత్తి ముక్కను ల్యాబ్‌లో పరీక్షిస్తే) మామూలు పంటివేరు తిత్తి అనే వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చే స్వభావమున్న కెరటోసిస్ట్ అనే మరో రకం తిత్తి కాదని తెలిసేవరకు అమ్మకు కంటిమీద కునుకు లేదు.

ఇప్పుడు కాచి చల్లార్చిన ఉప్పునీటితో రోజూ ముక్కు కడుగుతున్నారు. కాలువ నీళ్లు, కుళాయి నీళ్లు నేరుగా వాడవద్దని గట్టిగా చెప్పారు. ఆరు నెలలకు మళ్లీ సీటీ తీయించాలి.