‘రెగ్యులేషన్’కు ‘నియంత్రణ’ సరిపోతుందా?

అనంతపురం నుంచి ప్రశ్న: అమెరికా రాష్ట్రాలు కృత్రిమ మేధపై చేస్తున్న చట్టాల గురించి మా కళాశాల పత్రికకు వ్యాసం రాస్తున్నాను. ‘నియంత్రణ’ అంటే అణచివేతలా ధ్వనిస్తోందని, ‘క్రమబద్ధీకరణ’ మేలని మా సంపాదకులు అంటున్నారు. పెద్దలు చెప్పగలరు.

కర్నూలు నుంచి జవాబు: ‘క్రమబద్ధీకరణ’ వద్దండి. ఆ మాట వినగానే అనుమతి లేని లేఅవుట్లకు రుసుము కట్టించుకొని ఆమోదముద్ర వేయడమే మనవాళ్లకు గుర్తుకు వస్తుంది. ‘నియంత్రణ’కు అణచివేత అనే నీడ తరవాత పడింది. ‘నియంతా ప్రాజితా యంతా సూతః క్షత్తా చ సారథిః’ అని అమరకోశం. అంటే నియంత అన్నవాడు రథసారథి. నేడు ఆ మాటను నిరంకుశుడికి అంటగట్టాము గాని, పగ్గాలు పట్టినవాడి పని రథాన్ని దారిలో నడపడమే. యంత్రం, నియమం, నియంత్రణ మూడూ ‘యమ్’ ధాతువు నుంచి పుట్టినవే కాబట్టి, ఈ విషయానికి ఇంతకంటె దగ్గరి మాట నాకు కనబడదు.

మా ఊళ్లో దిన్నెదేవరపాడు రోడ్డులో ‘విద్యుత్ నియంత్రణ భవన్’ ఉంది. అక్కడి మండలి పంపిణీ సంస్థల లెక్కలు పరిశీలించి, ప్రజల అభ్యంతరాలు విని, కరెంటు ఛార్జీలు నిర్ణయిస్తుంది. 2024 మే నెలలో కొలరాడో గవర్నరు సంతకం చేసిన చట్టం తీరూ అదే: ఉద్యోగం, రుణం, ఇల్లు, వైద్యం వంటి విషయాలలో నిర్ణయానికి కృత్రిమ మేధను వాడితే ఆ సంగతి ముందుగా తెలపాలని, కాదన్నప్పుడు కారణం చెప్పాలని, వీలైన చోట మనిషి చేత పునఃపరిశీలన కోరే అవకాశం ఇవ్వాలని అందులో రాశారు.

శీర్షికల దగ్గర మాత్రం జాగ్రత్తపడండి. రాష్ట్రాలు ఇటువంటి చట్టాలను అమలు చేయకుండా పదేళ్లు ఆపే ప్రతిపాదనను 2025 జూలై 1న అమెరికా సెనేట్ 99–1 ఓట్లతో తొలగించింది. దీనిని ‘ఏఐ నియంత్రణపై నిషేధం రద్దు’ అని కుదిస్తే ఏది ఉన్నదో, ఏది పోయిందో చదువరికి అంతుచిక్కదు. ‘రాష్ట్రాల చేతులు కట్టే ప్రతిపాదనకు సెనేట్ తిరస్కారం’ అనండి.

కడప నుంచి మరొకరు: అచ్చతెలుగు ‘కట్టడ’ను ఎందుకు వదలాలి? తెలుగు బైబిలు కీర్తనలలో అది శాసనం అనే అర్థంలోనే ఉంది కదా.

కర్నూలు నుంచి: చట్టంలోని ఒక్కొక్క నిబంధనకు ‘కట్టడ’ చక్కగా ఒప్పుతుంది, తప్పక వాడండి. మొత్తం వ్యవస్థకు ‘కట్టడి’ అంటే మాత్రం ‘కరోనా కట్టడి’ అలవాటైన చెవికి మళ్లీ అణచివేతే వినిపిస్తుంది.